కొత్త గోనెసంచుల కాఫీ

2024 ఆగస్టు 6, మంగళవారం, ఉదయం పదీ పది. ముందురోజు బ్యాంకు సెలవు కావడంతో లారీ ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. ఐర్లండ్‌లో కార్క్ ఊరి చివర మా గిడ్డంగిలో డోనల్ మొదటి సంచి మూతి కుట్టు కోశాడు. డోనల్ మా కంపెనీ యజమాని. నేను చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు పచ్చి గింజలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండుగడ్డి వాసన, కొద్దిగా నిమ్మతొక్క. తప్పేమీ కనబడలేదు.

నా ఉద్యోగం కాఫీ రుచి చూడడం. విశాఖపట్నంలో పచ్చి కాఫీ గింజలు బాగుచేసే ఒక క్యూరింగ్ వర్క్స్‌లో పదకొండేళ్ళు, ఐర్లండ్‌లో ఈ చిన్న దిగుమతి కంపెనీలో ఇరవై నాలుగేళ్ళు చేశాను. 2025 డిసెంబరులో మానేశాను. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆహారశాస్త్రం చదవడానికి వచ్చిన మన పిల్లలు బాలింకాలిగ్‌లో మా ఇంటికొచ్చి, ఆ పని ఎలా ఉంటుందని అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చిందో రాయను. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఆ మంగళవారం గురించి రాస్తాను. అది అర్థం కావాలంటే దాని ముందు సంగతులు కొన్ని చెప్పాలి.

ఉమ్మే పని

ఒక్కో రకానికి ఐదు కప్పులు పెడతాం. పొడి మీద వేడినీళ్ళు పోసి, పైన కట్టిన నురుగుపొరను చెంచాతో పగలగొట్టి, ముక్కు దాదాపు కప్పులో పెట్టి వాసన చూస్తాం. తరవాత చెంచాతో పెద్ద చప్పుడు చేస్తూ జుర్రుకుని, నోరంతా తిప్పి, ఉమ్మేస్తాం. ఐదు కప్పులూ ఒకేలా ఉండాలి. ఒకటి తేడాగా ఉన్నా మార్కులు తగ్గుతాయి. మొత్తం నూటికి వేస్తాం. ఎనభై దాటితే మంచి కాఫీ కింద లెక్క.

ఈ పనిలో చేరిన కొత్తలో మా అమ్మ అన్నమాట: "ఇంత సదువు సదివించింది కాఫీ పుక్కిలించి ఉమ్మడానికా ఏటే?"

పని ఉన్న రోజు ఇంగువ లేదు, ఊరగాయ లేదు, అగరొత్తి లేదు, తలనూనె లేదు, పూలు లేవు. ఇంట్లో పులుసు ఆదివారమే. మా ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరితో, "దీని నాలుక్కి మడి, నాకు పథ్యం" అనేవారు. ఆయన చనిపోయిన ఏడాది కూడా నేను ఆ నియమం తప్పలేదు. అది గొప్ప కాదు. అలవాటైపోయింది.

నాకు పని నేర్పింది విశాఖపట్నంలో చీఫ్ టేస్టర్ సన్యాసిరావు గారు. మంచి మనిషని చెప్పను. కప్పు చల్లారకముందే మార్కులు వేసిన పిల్లల పెన్సిలు లాక్కుని విరిచేవారు. కాని ఆయన చెప్పిన ఒక్క మాట మీద నేను ఉద్యోగమంతా గడిపాను.

"వేడి కప్పు పెళ్ళిచూపులమ్మా. సల్లారిన కప్పు కాపరం. మార్కులు కాపరానికెయ్యి."

వేడి చాలా తప్పుల్ని దాస్తుంది. చల్లారేకొద్దీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. పులుపు మంచిదైతే తియ్యబడుతుంది, చెడ్డదైతే కోసుకుపోతుంది. బూజు, మట్టి, పాత కాగితం వాసన, ఇవన్నీ చల్లటి కప్పులో దాక్కోలేవు. ఒకసారి అక్కడి యజమాని పక్కన నిలబడి తొందర చేస్తే సన్యాసిరావు గారే వేడి మీద మార్కులు వేసేశారట. ఆ సరుకు పరాయి రేవు నుంచి తిరిగొచ్చింది. మర్నాడు యజమాని ఆయన బల్ల పక్కన ఇంకో టేస్టరుకు బల్ల వేయించాడు. "ఇప్పటికీ ఆ బల్ల కనపడకండా కుర్సీ తిప్పేసుకుంటాను" అని ఆయనే చెప్పారు.

కొండ

2011 నుంచి, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, ప్రతి డిసెంబరులో నేను ఇథియోపియా దక్షిణాన ఉన్న కొండలకు వెళ్ళాను. అక్కడ ఒక కొండవాలు మీద ఒక వాషింగ్ స్టేషన్ ఉంది. చుట్టుపక్కల రైతులు పెరట్లోనూ పెద్ద చెట్ల నీడలోనూ పెంచిన కాఫీ పండ్లు అక్కడికి తెస్తారు. దాన్ని నడిపేది అల్మాజ్. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. నన్ను "ఎమామా" అని పిలిచేది. పెద్దామెను అక్కడ అలా పిలుస్తారు. ఇద్దరం వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకో తరవాత తెలుస్తుంది.

పండ్లు రాగానే నీళ్ళలో వేస్తారు. తేలినవి తాలు, తీసేస్తారు. మునిగినవాటి తోలు యంత్రంతో ఒలిచి, జిగురుతో ఉన్న గింజల్ని తొట్లలో పులియబెడతారు. అల్మాజ్ తొట్టిలోకి కర్ర గుచ్చి పైకి తీసేది. గుంత మూసుకుంటే ఇంకా ఆగాలి. నిలబడితే కడగాలి. గడియారం చూడగా నేనెప్పుడూ చూడలేదు. కడిగిన గింజల్ని నడుమెత్తు వల మంచాల మీద ఆరబోసి, ఆడవాళ్ళు రెండువైపులా నిలబడి పురుగు కొట్టినవి ఏరేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం ఎండ ఎక్కువైతే గుడ్డ కప్పేవాళ్ళు. కప్పడం ఆలస్యమైతే గింజ పగులుతుంది.

ఆ కొండమీద రాత్రులు చల్లన. పండు నెమ్మదిగా ముదురుతుంది. ఆ కాఫీలో మొదట మల్లెపూలు, తరవాత నిమ్మతొక్క, చివర పాలు పోయని టీ లాంటి సన్నటి వగరు. పని కోసం నేను తలలో పెట్టడం మానేసిన మల్లెపూలు కప్పులో దొరికేవి.

సాయంత్రం అల్మాజ్ ఇంట్లో కాఫీ. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణిలాంటి ధూపం వేసి, గింజల్ని మన ఎదుటే పెనం మీద వేయిస్తారు. ఒకే పొడి మీద మూడుసార్లు కాచి మూడు విడతలు పోస్తారు. మూడోది పలచన. దాన్ని దీవెన అంటారు. అది తాగకుండా లేవకూడదు.

"ఇంత పొగలో కాఫీ వాసన ఎలా తెలుస్తుంది?" అన్నాను మొదటిసారి.

"నువ్విప్పుడు మార్కులు వెయ్యడానికి రాలేదు ఎమామా. తాగు" అంది.

వాళ్ళ కాఫీ ఎప్పుడూ చుట్టుపక్కల నాలుగైదు స్టేషన్ల కాఫీతో కలిసిపోయి, ఆ ప్రాంతం పేరుమీద బయటికి వెళ్ళేది. అల్మాజ్‌కు అదొక్కటే బాధ. "మా కాఫీ ఎక్కడికి పోతుందో మాకు తెలుసు. అది ఎవరిదో తాగేవాళ్ళకి తెలీదు" అనేది.

2023లో ఆ బాధ తీరే బేరం కుదిరింది. డబ్లిన్‌లో కాఫీ వేయించి అమ్మే ఒకాయన, పాకెట్ మీద ఆ కొండ పేరే వేస్తానన్నాడు. శాండీఫోర్డ్, చెర్రీవుడ్ ఆఫీసుల కింద ఆయన దుకాణాలున్నాయి. ఒక కంటైనరు, మూడు వందల ఇరవై సంచులు. షరతు ఒక్కటే. కార్క్‌లో దిగాక నా బల్ల మీద ఎనభై నాలుగు రావాలి. రాకపోతే బేరం లేదు, సరుకు మామూలు కాఫీలో కలిసిపోతుంది. డిసెంబరులో అక్కడే రుచి చూశాను. ఎనభై ఏడు వేశాను, చల్లారాకే.

ఆ సాయంత్రం రెండో కప్పు అవుతుండగా డ్రైవరు బయట హారను కొట్టాడు. చీకటి పడితే ఆ దారి మూసేస్తారు. నేను లేస్తుంటే అల్మాజ్ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మూడోది బాకీ. వచ్చే ఏడాది ముందు అది తాగు, తరవాతే మాట్లాడు."

సంచులు

మార్చిలో అల్మాజ్ ఫోటో పంపింది. కొత్త గోనెసంచులు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద నీలం సిరాతో కొండ పేరు. పక్కన గింజలు ఏరే ఆడవాళ్ళు పండగ బట్టల్లో నిలబడ్డారు. చాలా బాగుందని జవాబిచ్చాను. నిజంగానే బాగుంది. ఫోటోకి వాసన ఉండదు.

జరిగింది ఇది. పచ్చి గింజల్ని నింపేముందు గోనెసంచి లోపల దళసరి ప్లాస్టిక్ సంచి వేస్తారు. ఆ ఏడాది అక్కడ డాలర్లు దొరక్క ఆ ప్లాస్టిక్ సంచులు రాలేదు. స్టేషన్‌లో పాత గోనెసంచులున్నాయి. ఎండలో ఆరి ఆరి ఏ వాసనా లేనివి. వాటిలో పంపినా సరిపోయేది. కాని వాటి మీద వేరే ఊళ్ళ పేర్లున్నాయి. మొదటిసారి సొంత పేరుతో వెళ్ళే కాఫీని పక్క ఊరి పేరున్న సంచిలో ఎలా పంపుతారు? ఊరంతా కూర్చుని మాట్లాడుకుని కొత్త సంచులు కొన్నారు. తిండిగింజల కోసం నేసే గోనె వేరు, మామూలు గోనె వేరు. మామూలు గోనెకు మిల్లులో నార మెత్తబడడానికి యంత్రాలనూనె పట్టిస్తారు. వాళ్ళకు దొరికింది ఆ రకం.

మామూలుగా అయితే ప్రయాణం నెలన్నర. ఆ ఏడాది ఓడలు ఎర్రసముద్రం దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్నాయి. అంతకుముందు రేవులోనే ఎండలో చాలారోజులు పడి ఉంది కంటైనరు. గింజలు ఆ సంచుల్లో నాలుగు నెలలు ఉన్నాయి.

చల్లారేదాకా

మంగళవారం మధ్యాహ్నం బల్ల చుట్టూ ముగ్గురం. నేను, డోనల్, హారిక. హారికది నల్లగొండ. ఇక్కడ చదువు ముగించి ఏడాదిగా నా దగ్గర పని నేర్చుకుంటోంది. మంచి నాలుక. నా తరవాత ఆ బల్ల ఆమెదే అనుకున్నాను.

వేడి కప్పులో మల్లెపూలు వచ్చాయి. డిసెంబరులో ఉన్నంత లేవు, కాని ఉన్నాయి. డోనల్ ముఖం విచ్చుకుంది.

"గ్రాండ్. ఎనభై ఐదు. రాసెయ్, సత్యా. డబ్లిన్‌కి ఫోన్ చేస్తాను."

"చల్లారనీ."

"ఆయన దుకాణాల్లో కాఫీ చల్లారేదాకా ఎవరూ కూర్చోరు. లువాస్ ట్రామ్ వచ్చేలోపు తాగేసి పోతారు. ఈ దేశంలో చల్లారేది టీ ఒక్కటే."

"అది వాళ్ళ పని. చల్లార్చడం నా పని."

డోనల్ నవ్వాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ కొండకు నాతో రెండుసార్లు వచ్చాడు. అల్మాజ్ ఇంట్లో గడ్డిమీద కూర్చుని మూడు కప్పులూ తాగినవాడు. ఆ బేరం కుదిర్చిందే అతను.

గోరువెచ్చగా అయ్యాక మూడో కప్పు దగ్గర నాకేదో తగిలింది. నాలుక వెనక, సన్నగా. మళ్ళీ జుర్రాను. ఐదో కప్పులోనూ ఉంది. పూర్తిగా చల్లారాక ఐదింటిలోనూ ఉంది.

అదేమిటో నాకు వెంటనే తెలిసింది. మాది విజయనగరం వైపు. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. షిఫ్టు దిగి వచ్చి చొక్కా దండెం మీద వేస్తే ఆ గదంతా గోనెనూనె వాసన. ఎంత ఉతికినా పోయేది కాదు. చిన్నప్పుడు ఆ చొక్కా చెంప కింద పెట్టుకుని పడుకునేదాన్ని. యాభై ఏళ్ళ తరవాత, మా నాన్న చొక్కా, ఐర్లండ్‌లో, మల్లెపూల అడుగున.

"హారికా, ఏమైనా తెలుస్తోందా?"

"లేదాంటీ. నాకైతే మంచిగనే ఉంది. కొంచెం డల్ అయింది, గంతే."

డోనల్‌కూ తెలియలేదు. "నువ్వు ఊహించుకుంటున్నావేమో" అన్నాడు, మెల్లగా.

ఊహో కాదో తేల్చడానికి ఒక దారి ఉంది. హారిక చేత ఒక సంచి పూర్తిగా విప్పించాను. సంచి నడిమధ్య గింజలు వేరు, గోనెను ఆనుకుని ఉన్న గింజలు వేరు తీయించి, మర్నాడు విడివిడిగా వేయించి, బల్ల మీద పెట్టాం. ఏది ఏదో నాకు చెప్పొద్దన్నాను. నడిమి గింజలు ఎనభై ఆరు. అంచు గింజలు డెబ్బై ఎనిమిది. అంచు కప్పు చల్లారాక డోనల్ చెంచా కింద పెట్టేశాడు.

"మా తాతగారి ట్రాక్టరు షెడ్డు" అన్నాడు.

మరి నడిమి గింజలు మాత్రమే తీసుకుంటే? మూడు వందల ఇరవై సంచుల్లో నడుమ ఎక్కడ ఆగుతుందో, అంచు ఎక్కడ మొదలవుతుందో ఎవరు గీత గీస్తారు? లారీలో, ఓడలో గింజలు కదిలాయి, కలిశాయి. కలిసినదానికే మార్కులు వెయ్యాలి. కలిసినది ఎనభై ఒకటి.

పెన్సిలు తీసుకున్నాను. హారిక నా పక్కనే నిలబడి చూస్తోంది.

"ఆంటీ, మీరొక్కరే పట్టిన్రు. మేమిద్దరం పట్టలే. మీరు గిట్ల ఆ రోజు లీవులో ఉంటే ఇది పాసయ్యేది కదా?"

"అయ్యేది."

"ఆళ్ళ పేరు పాకెట్ మీద పడేది."

"పడేది."

"మరెందుకాంటీ?"

ఎనభై ఒకటి రాశాను. ఎనభై ఒకటి అయితే ఎనభై ఒకటే.

డోనల్ ఆ కాగితం తీసుకుని డబ్లిన్‌కి ఫోన్ చేశాడు. అంకె మార్చమని అడగలేదు. అడిగి ఉంటే నాకు కోపమైనా వచ్చేది. డబ్లిన్ ఆయన మర్యాదగానే బేరం వదిలేశాడు.

ఫోను

అల్మాజ్‌కు నేనే చెప్తానన్నాను. వీడియో కాల్‌లో ఆమె వెనక వల మంచాలు ఖాళీగా కనబడుతున్నాయి. వానాకాలం. అంకె చెప్పాను. కారణం చెప్పాను.

"సంచుల వల్లా?"

"సంచుల వల్లే. కాఫీలో తప్పేమీ లేదు. నడిమి గింజలు అచ్చం డిసెంబరులాగే ఉన్నాయి."

"వేడిగా ఉన్నప్పుడు బాగుందా?"

"బాగుంది."

"మా దగ్గర చల్లారిన కాఫీ ఎవరూ తాగరు ఎమామా."

ఆమె ఎవరితోనో తమ భాషలో రెండు మాటలు చెప్పి, మళ్ళీ ఫోను వైపు తిరిగింది.

"సిరా ఏమైంది? వానకి కారిందా? పేరు బాగా పడిందా సంచుల మీద?"

"బాగా పడింది. ఒక్క అక్షరం కూడా చెరగలేదు."

"సరే" అంది. వెనకనున్న మంచాల వైపు ఓసారి చూసి, "ఇంక ఆ పేరు దేనిమీదా రాయొద్దు. మీరు కూడా" అంది.

తరవాత

సరుకు మామూలు కాఫీగా పోయింది. బాగా నల్లగా మాడ్చి, వేరే దేశాల గింజలతో కలిపి అమ్మారు. అంత మాడ్చాక మల్లెపూలూ ఉండవు, గోనె వాసనా ఉండదు. మరుసటి ఏడాది పేరు మీద కొనేవాళ్ళెవరూ రాలేదు. నేనూ ఆ కొండకు మళ్ళీ వెళ్ళలేదు. కొండ పైభాగంలో కొన్ని కుటుంబాలు కాఫీ చెట్లు కొట్టేసి ఖాట్ మొక్కలు వేశారని డోనల్‌కు వేరే వ్యాపారి చెప్పాడు. ఖాట్ ఆకు నమిలితే కాస్త హుషారుగా ఉంటుందట. ఏడాది పొడుగునా కోయొచ్చు. దానికి సంచి అక్కర్లేదు, ఓడ అక్కర్లేదు, నా బల్ల అక్కర్లేదు. వాళ్ళను తప్పుపట్టలేను. మంచి కాఫీ కాసేది ఆ పైభాగమే.

హారిక మూడు నెలల తరవాత మానేసింది. శాండీఫోర్డ్‌లో కంప్యూటరు ఉద్యోగం. వెళ్ళేముందు ఇంటికొచ్చి, "మీ మీద కోపం కాదాంటీ. గింత కరెక్టుగుంటే నాతోటి కాదు" అంది. ఆ రోజు ఆదివారం. పులుసన్నం పెట్టాను. ఇంగువ ఎక్కువేశానంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. బల్ల మీద కప్పు దగ్గర మీ పని మొదలవుతుందనుకోవద్దు. సంచి ఎక్కడ కొన్నారు, దేనికి నేసింది, ఓడ ఏ దారిన వస్తోంది, ఇవన్నీ అడగండి. విసుక్కున్నా అడగండి. ఆపైన కప్పు చల్లారనివ్వండి. వచ్చిన అంకె వెయ్యండి. ఇంకోసారి ఆ ఐదు కప్పులు నా ముందు పెట్టినా నేను ఎనభై ఒకటే వేస్తాను. దానివల్ల రాత్రి నిద్ర పడుతుందని మాత్రం ఎవరికీ మాటివ్వను. సరైన అంకె వేసినందుకు నాకు ఏ నష్టమూ రాలేదు. జీతం అలాగే వచ్చింది. నష్టపోయినవాళ్ళు ఆ బల్ల దగ్గర లేరు. ఇది తెలిసే ఈ పనిలోకి రండి.

పోయినవి ఇవి.

ఒక కొండ పేరు. ఉన్న ఒక్క సంచీ మా ఇంట్లో ప్రెస్‌లో, అంటే అల్మారాలో, మడతపెట్టి ఉంది. దాని వాసన ఇంకా పోలేదు.

కొండ పైభాగంలో కాఫీ చెట్లు. ఎన్నో నాకు తెలియదు. ఇది ఒక్కటే నా దగ్గర లెక్క లేనిది.

అల్మాజ్ పని. ఆమె ఇప్పుడు పట్నంలో ఒక హోటల్లో పనిచేస్తోందని విన్నాను.

హారిక నాలుక. మళ్ళీ అలాంటిది ఆ బల్ల దగ్గరికి రాలేదు.

మల్లెపూలు. ఆ తరవాత ఏ కాఫీలోనూ దొరకలేదు.

ఒక కప్పు, మూడోది.